చుంచెలుక ఎలుక కాదట! మరి దేనికి చుట్టం?

తామరకొలను:
అందరికీ నమస్కారం. మా పాప ఎనిమిదో తరగతి. "మా ఇంటి చుట్టూ కనిపించే జంతువులు" అని సైన్సు ప్రాజెక్టు రాసుకుంది. ఎలుక, పందికొక్కు, చుంచెలుక మూడింటినీ కలిపి "ఎలుక జాతి" అని పెట్టింది. టీచర్ చుంచెలుక చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఇది ఎలుక కాదు, ఏమిటో కనుక్కుని రాయి" అన్నారట.

మాది కాకినాడ దగ్గర పల్లె. రాత్రి లైటు వేయగానే వంటింట్లో గోడవారగా కిచకిచమంటూ పోతుందే, మూతి సాగదీసినట్టుండి, ముట్టుకున్నదల్లా కంపు కొట్టించేది, దాన్నే మేం చుంచు అంటాం. పేరులోనే ఎలుక ఉంది కదా, కాకపోతే ఏమవుతుంది? నెట్‌లో చూస్తే చెట్ల మీద ఉండే చుంచు ఒకటి, ఏనుగు పేరు పెట్టుకున్న చుంచు ఒకటి కూడా కనిపించాయి. ఇవన్నీ ఒకే కుటుంబమా? తెలిసినవాళ్ళు కాస్త విడమర్చి చెప్పండి. వచ్చే సోమవారం ప్రాజెక్టు ఇవ్వాలి.

ధాన్యం_కొట్టు:
అమ్మా, నాకు కిరాణా కొట్టుంది. ఎలుక బస్తా కొరుకుతుంది, చుంచు కొరకదు. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. బియ్యం బస్తాల వెనక చుంచు ఉంటే బొద్దింకలు తగ్గుతాయి. మా కొట్టు పిల్లి కూడా చుంచును పట్టి చంపుతుంది గానీ తినదు, అక్కడే వదిలేసి పోతుంది. శాస్త్రం సంగతి నాకు తెలియదు, నేను చూసింది మాత్రం ఇది.

జంతుశాస్త్రం_మాస్టారు:
మీరు చూసిందాంట్లోనే సగం జవాబుందండీ. బస్తా కొరకాలంటే ఉలి లాంటి పళ్ళు కావాలి. అవి చుంచెలుకకు లేవు.

తామరకొలను గారూ, పాపకు పళ్ళ దగ్గర్నుంచి మొదలుపెట్టి చెప్పండి. ఎలుకకు మొత్తం 16 పళ్ళు. ముందు పైన రెండు, కింద రెండు కుంతకాలు. అవి బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి, అందుకే అది ఏదో ఒకటి కొరుకుతూ వాటిని అరగదీసుకుంటుంది. వాటి వెనక రదనికలు లేవు, పెద్ద ఖాళీ ఉంటుంది. ఆ తర్వాత చర్వణకాలు 12. ఇప్పుడు మన చుంచెలుకను చూడండి. దానికి 30 పళ్ళు, మధ్యలో ఖాళీ లేదు. ముందు పన్ను కొడవలిలా వంగి ఉంటుంది, పురుగును గుచ్చి పట్టడానికి. వెనక పళ్ళ మీద సూది మొనలుంటాయి, పురుగు పెంకును పటపటా విరిచేస్తాయి. చుంచెలుక పిల్లకు పాలపళ్ళు తల్లి కడుపులో ఉండగానే కరిగిపోతాయి. అది నమలడం మొదలుపెట్టేది ఒక్కసారే వచ్చే అసలు పళ్ళతో. కాళ్ళు చూసినా తేడా తెలుస్తుంది. ఎలుక ముందు కాలికి బాగా కనిపించేవి నాలుగు వేళ్ళే, చుంచెలుకకు అయిదు.

ఎలుకలు, పందికొక్కులు, ఉడతలు రోడెన్షియా క్రమం. చుంచెలుకది యూలిపోటైఫ్లా క్రమం, సోరిసిడే కుటుంబం. దాని దగ్గరి చుట్టాలు ముళ్ళపంది కన్నా చిన్నగా, ముడుచుకుని బంతిలా అయిపోయే హెడ్జ్‌హాగ్‌లు, నేలలో సొరంగాలు తవ్వే మోల్‌లు. హెడ్జ్‌హాగ్‌ను ముళ్ళపందితో (ఏదుపందితో) కలపవద్దని పాపకు చెప్పండి, ముళ్ళపంది మళ్ళీ ఎలుకల వైపుదే.

పాలమూరు_పోరడు:
మాస్టారూ, మా డిగ్రీ పుస్తకంలో ఇన్సెక్టివోరా అనే ఉంది, కీటకాహారుల క్రమం అని. మీరు వేరే పేరు చెప్తున్నారు. మా పుస్తకం తప్పా?

జంతుశాస్త్రం_మాస్టారు:
పుస్తకం పాతదయింది బాబూ. నేను కూడా చాలా ఏళ్ళు క్లాసులో ఇన్సెక్టివోరా అనే చెప్పాను. నా దగ్గర చదువుకున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆ పాఠం సరిదిద్దుకోండి.

ఈ జంతువులను ఎక్కడ పెట్టాలన్న గొడవ మొదట్నుంచీ ఉంది. 1758లో, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ చుంచులను పందితో, ఆర్మడిల్లోతో, అపోజంతో కలిపి ఒకే క్రమంలో పెట్టాడు. మూతి పొడుగ్గా ఉండటం ఆయనకు పెద్ద గుర్తులా కనిపించింది. తర్వాతివాళ్ళు చిన్నగా ఉండి, పురుగులు తిని, మూతి మొనదేలినవన్నీ ఇన్సెక్టివోరా అనే ఒక్క బుట్టలో వేశారు. అందులో చుంచులు, మోల్‌లు, హెడ్జ్‌హాగ్‌లతో పాటు మడగాస్కర్ టెన్రెక్‌లు, ఆఫ్రికా బంగారు మోల్‌లు, ఏనుగు చుంచులు, చెట్టు చుంచులు కూడా చేరాయి. ఎక్కడా ఇమడనివన్నీ అందులోకే వచ్చాయి.

1866లో హెకెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ బుట్టను రెండు చేశాడు. పేగులో అంధనాళం ఉన్నవి ఒక వైపు, లేనివి మరో వైపు. చెట్టు చుంచు, ఏనుగు చుంచు మొదటి వైపుకు పోయాయి, మన చుంచెలుక రెండో వైపుకు. బయటి మూతిని వదిలి కడుపు లోపల చూశాడు చూడండి, నాకు ఆ మనిషి మీద గౌరవం అందుకే. అయినా బుట్ట పూర్తిగా ఖాళీ కావడానికి ఇంకో 130 ఏళ్ళు పట్టింది. 1990ల చివర్లో డీఎన్ఏ పోల్చి చూసేసరికి టెన్రెక్‌లు, బంగారు మోల్‌లు ఆఫ్రికా జంతువుల కొమ్మకు పోయాయి. మిగిలినవాటికి 1999లో యూలిపోటైఫ్లా అని పేరు పెట్టారు.

పుస్తకాల_దొంతర:
నేను ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. మాస్టారు చెప్పినదానికి చిన్న చేర్పు. 2001లో వచ్చిన పెద్ద డీఎన్ఏ అధ్యయనాల తర్వాత మాయ (ప్లాసెంటా) ఉన్న క్షీరదాలన్నిటినీ నాలుగు పెద్ద కొమ్మలుగా చూస్తున్నారు. చుంచెలుక ఉన్న కొమ్మ లారేసియాథీరియా. అందులోనే ఆవు, గుర్రం, పిల్లి, గబ్బిలం, తిమింగలం ఉన్నాయి. ఎలుక ఉన్న కొమ్మ వేరు, అందులో కుందేళ్ళు, కోతులు, మనుషులు ఉన్నారు. అంటే, తామరకొలను అక్కా, ఎలుకకు చుంచెలుక కన్నా మనమే దగ్గర చుట్టాలం. చుంచెలుకకు ఎలుక కన్నా ఆవు దగ్గర. మొదటిసారి ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చున్నాను.

ఇక మీరు అడిగిన మూడు చుంచులు. అవి ఒకే కుటుంబం కాదు, ఒకే కొమ్మ కూడా కాదు. అసలు చుంచులు ఆవు, పిల్లుల కొమ్మలో ఉన్నాయి. చెట్టు చుంచులు మన కొమ్మలో ఉన్నాయి. ఏనుగు చుంచులు ఏనుగుల కొమ్మలో ఉన్నాయి. పేరు ఒకటే, పుట్టిల్లు మూడు చోట్ల.

తామరకొలను:
ఏనుగు చుంచు నిజంగా ఏనుగు చుట్టమా?! ముక్కు పొడుగని పెట్టిన పేరు కదూ అది?

పుస్తకాల_దొంతర:
పేరు పెట్టింది ముక్కు చూసే అక్కా. 1800లో దక్షిణాఫ్రికా నమూనాకు మొదటి శాస్త్రీయ నామం సోరెక్స్ ప్రోబోసిడియస్ అని పెట్టారు. సోరెక్స్ అంటే అసలు చుంచుల ప్రజాతే, ప్రోబోసిడియస్ అంటే తొండం ఉన్నది. తర్వాత కొందరు కుందేళ్ళకు దగ్గరన్నారు. చివరికి డీఎన్ఏ చూస్తే ఏనుగు, సముద్రపు ఆవు, ఆర్డ్‌వార్క్ ఉన్న ఆఫ్రోథీరియా కొమ్మలో తేలింది. ముక్కును చూసి పెట్టిన పేరు చుట్టరికంలోనూ నిజమైంది. ఇప్పుడు చాలామంది వాటిని చుంచులనకుండా, ఆఫ్రికా బాంటూ భాషల నుంచి వచ్చిన "సెంగీ" అనే మాట వాడుతున్నారు. పాప ప్రాజెక్టులో కూడా సెంగీ అనే రాయమనండి.

నాకు బాగా ఇష్టమైన సంగతి ఒకటి చెప్పనివ్వండి. సోమాలీ సెంగీ అని ఒకటుంది. మ్యూజియాల్లో దాని నమూనాలు 40కి లోపే. దాదాపు 50 ఏళ్ళపాటు శాస్త్రవేత్తలెవరూ దాన్ని నమోదు చేయలేదు. జిబూతీ దేశంలో పనిచేసే హుసేన్ రాయలే అనే పర్యావరణవేత్త, "ఇది మా దగ్గర కనిపిస్తూనే ఉంటుంది" అన్నారు. అమెరికా నుంచి స్టీవెన్ హెరిటేజ్, గేలెన్ రాత్‌బన్ వెళ్ళి, ఆయనతో కలిసి రాళ్ళ గుట్టల్లో వెయ్యికి పైగా ఉచ్చులు పెట్టారు. ఎరగా పెట్టింది వేరుసెనగ ముద్ద, ఓట్స్, ఈస్టు కలిపిన ఉండ. మొదట తీసి చూసిన ఉచ్చులోనే అది ఉంది. తోక చివర కుచ్చు చూసి గుర్తుపట్టారు. 2020లో ఆ పరిశోధన అచ్చయ్యేనాటికి రాత్‌బన్ లేరు. జీవితమంతా సెంగీల మీదే పనిచేసిన మనిషి.

మన చర్చకు కావలసింది ఆ తర్వాతి మాట. దాని డీఎన్ఏ చూస్తే అప్పటిదాకా ఉంచిన ఎలిఫాంట్యులస్ ప్రజాతిలో అది ఇమడలేదు. గలెగీస్కా అని కొత్త ప్రజాతి పెట్టవలసి వచ్చింది. 2016లో ఉత్తర ఆఫ్రికా సెంగీకి కూడా ఇదే జరిగింది, దాన్ని పెట్రోసాల్టేటర్ అనే కొత్త ప్రజాతిలోకి తీశారు. మొత్తం 20 జాతులున్న చిన్న గుంపు ఇది. అందులోనే ఇన్ని మార్పులు.

శేషాచలం_దారుల్లో:
చెట్టు చుంచు గురించి నేను చెప్తాను, ఎందుకంటే అది మన ఇంటిది. మాది కడప జిల్లా.

మన దేశపు చెట్టు చుంచు శాస్త్రీయ నామం అనాథానా ఎల్లియోటి. వాటర్‌హౌస్ దీన్ని వర్ణించింది 1850 ప్రాంతంలో. ఆ మొదటి నమూనా దొరికిన చోటు కడప, నెల్లూరు మధ్య తూర్పు కనుమల కొండలు. మద్రాసు సివిల్ సర్వీసులో ఉన్న వాల్టర్ ఎలియట్ పేరు మీద ఎల్లియోటి అన్నారు. 1913లో లయన్ దీనికి వేరే ప్రజాతి కట్టి, తమిళంలో వెదురు ఉడత అని అర్థమొచ్చే "మూంగిల్ అణత్తాన్" అనే మాటలోంచి అనాథానా తీసుకున్నాడు. ప్రపంచం మొత్తంలో ఈ ప్రజాతికి జాతి ఇదొక్కటే, అదీ భారతదేశంలోనే ఉంది. మన కొండల్లో మొదట దొరికిన జంతువుకు తెలుగు పిల్లల పుస్తకాల్లో చోటు లేదు. నాకు అది నిజంగా బాధ.

నేను చూసింది ఒక్కసారే, అయిదు నిమిషాలు. పొద్దున ఏడింటికి బండల మధ్య ఎండుటాకులు గలగలమన్నాయి. ఉడత అనుకున్నాను. తోక కుచ్చుగానే ఉంది. కానీ అది గింజ పట్టుకుని కూర్చోలేదు. మూతి రాతి పగుళ్ళలో దూర్చి వాసన చూస్తూ, ముందుకు రెండడుగులు వేసి ఆగుతూ పోయింది. తల తిప్పినప్పుడు ఆ పొడుగు మూతి, భుజం మీద లేత రంగు గీత కనిపించాయి. మన వీపు చారల ఉడతకు ఆ గీత ఉండదు. చెట్టు చుంచు అంటారు గానీ నేను చూసినంతసేపూ అది చెట్టెక్కలేదు, నేల మీదా బండల మీదే తిరిగింది.

పాలమూరు_పోరడు:
అన్నా, చెట్టు చుంచు కోతి జాతి అని కూడా ఎక్కడో చదివిన. నిజమేనా?

జంతుశాస్త్రం_మాస్టారు:
నువ్వు చదివింది ఒకప్పటి మాట. దీని కథ ఉడతతోనే మొదలైంది. 1780లో ఇంగ్లీషు నావికుడు కుక్ యాత్ర ఓడల్లో ఉన్న విలియం ఎల్లిస్ అనే వైద్యుడు వియత్నాం దగ్గరి దీవిలో దీన్ని చూసి ఉడతే అనుకున్నాడు. ఇప్పటికీ ఆగ్నేయాసియా ప్రజాతి పేరు టుపాయా, మలయ్ భాషలో ఉడత అనే అర్థం. తర్వాత ఇన్సెక్టివోరా బుట్టలో పడింది. 1920ల్లో లె గ్రోస్ క్లార్క్ దాని మెదడు, కంటి చుట్టూ ఎముక చూసి కోతుల వైపు తెచ్చాడు. 1945లో సింప్సన్ తన వర్గీకరణలో దాన్ని ప్రైమేట్ల లోపలే పెట్టాడు. అందువల్ల రెండు మూడు తరాలు "మన పూర్వీకుల నమూనా" అని దీన్ని చదువుకున్నాయి. ఆ పోలికల్లో చాలావరకు ప్రాచీన క్షీరదాలన్నిటికీ ఉండేవేనని తర్వాత తేలింది. 1970ల నుంచి స్కాండెన్షియా అని దానికి సొంత క్రమం వచ్చింది. కోతులకు దగ్గరా, ఎలుకలూ కుందేళ్ళకు దగ్గరా అన్నది మాత్రం నిపుణుల మధ్య ఇంకా తెగలేదు.

ఆ క్రమంలో ఈక లాంటి తోక ఉన్న జాతి ఒకటి మలేషియాలో ఉంది. అదొక్కటే వేరే కుటుంబం. ఒక రకం తాటిజాతి చెట్టు పూలలో పులిసిన మకరందాన్ని రాత్రంతా తాగుతుంది. మన తాటికల్లు లాంటిదే. అంత తాగినా తూలిన గుర్తులు కనిపించలేదని 2008లో అచ్చైంది.

ధాన్యం_కొట్టు:
మళ్ళీ మన ఇంటి చుంచుకు రండి సార్. మా దగ్గర రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి బూడిద రంగులో బాగా పెద్దది, ఇంకొకటి చిన్నది, నల్లగా. రెండు జాతులా, తల్లీ పిల్లా?

జంతుశాస్త్రం_మాస్టారు:
కంటితో చెప్పలేమండీ. చుంచులన్నిట్లో 400కు పైగా జాతులున్నాయి. మూడు ఉపకుటుంబాలు. ఒకటి ఎర్ర పళ్ళవి. పన్ను మొనలో ఇనుము చేరి ముదురు ఎరుపు రంగు వస్తుంది, త్వరగా అరగకుండా. మన దేశంలో అవి హిమాలయాల్లో, ఈశాన్యంలో ఉంటాయి. రెండోది తెల్ల పళ్ళది, దక్షిణాదిలో ఉన్నవన్నీ ఇవే. మూడోది ఆఫ్రికాకే పరిమితం.

తెల్ల పళ్ళవాటిలో మనకు ముఖ్యమైన ప్రజాతులు సుంకస్, క్రోసిడ్యూరా. క్రోసిడ్యూరాలో దాదాపు 200 జాతులు, క్షీరదాల్లో ఇంత పెద్ద ప్రజాతి మరొకటి లేదు. 2021లో అండమాన్ వైపు నార్కొండం దీవిలో కూడా ఒక కొత్త జాతిని మనవాళ్ళు వర్ణించారు. ఈ రెంటినీ వేరు చేయాలంటే పై దవడ చూడాలి. ముందున్న కొడవలి పన్నుకూ వెనక పెద్ద పన్నుకూ మధ్య ఒకే మొన ఉన్న చిన్న పళ్ళుంటాయి. అవి మూడైతే క్రోసిడ్యూరా, నాలుగైతే సుంకస్. చనిపోయినది ఎప్పుడైనా దొరికితే చూడండి. కానీ ఒట్టి చేతులతో వద్దు, చేతి తొడుగు, ముఖానికి మాస్కు తప్పనిసరి. వేలూరు దగ్గర తొట్టపాళయంలో 1964లో పట్టిన చుంచెలుకలోనే హంటావైరస్‌ల గుంపులో (వీటిలో కొన్ని జంతువుల నుంచి మనుషులకు సోకుతాయి) మొట్టమొదటిది దొరికింది. రక్తం తాగే చిన్న పురుగులు కూడా దాని ఒంటి మీద ఉంటాయి.

ఇంటి చుంచెలుక సుంకస్ మ్యూరినస్. 1766లో జావా నమూనా చూసి లినేయస్ పెట్టిన పేరు, మ్యూరినస్ అంటే ఎలుకలాంటిది. మన భాషలోలాగే లాటిన్‌లో కూడా ఎలుకతోనే పోల్చారన్నమాట.

పుస్తకాల_దొంతర:
అదే సుంకస్ ప్రజాతిలో ఎట్రస్కన్ చుంచు కూడా ఉంది. బరువు సుమారు 1.8 గ్రాములు, బరువులో చూస్తే ప్రపంచంలోకెల్లా చిన్న క్షీరదం. మన వంటింటి చుంచు దాని పక్కన కొండే. ఒకే ప్రజాతిలో ఇంత తేడా చూసి, ఇవన్నీ నిజంగా ఒక తల్లి పిల్లలేనా అని అనుమానించారు. ఆఫ్రికాలోని కొన్ని సుంకస్ జాతులు సిల్విసోరెక్స్ అనే వేరే ప్రజాతికి దగ్గరని డీఎన్ఏ చూపిస్తోంది. నాలుగు చిన్న పళ్ళు పాత లక్షణం, చాలావాటికి మిగిలిపోయింది. కాబట్టి ఆ ఒక్క గుర్తుతో కట్టిన ఇల్లు గట్టిగా లేదు.

సుంకస్ మ్యూరినస్ లోపల కూడా ఇదే చిక్కు. చాలాచోట్ల దాని క్రోమోజోములు 40. దక్షిణ భారతంలో, శ్రీలంకలో 30కి దగ్గరగా ఉన్నవి దొరికాయి. రెండేసి క్రోమోజోములు అతుక్కుని ఒకటవడం వల్ల ఆ సంఖ్య తగ్గింది. శ్రీలంక కొండల్లోది సుంకస్ మోంటానస్, పడమటి కనుమల్లోది సుంకస్ నైగర్ అని వేరు జాతులుగా విడదీశారు. ఇంటి చుంచు అని మనం అంటున్నది ఒక్క జాతేనా, ఇంకా విడిపోవాలా అన్నది తేలాల్సిన ప్రశ్న.

పోర్ట్‌లూయీ_తెలుగు:
నేను మారిషస్‌లో ఉంటాను, మా ముత్తాతలు తెలుగు నేల నుంచి వచ్చినవాళ్ళు. ఇక్కడ కూడా ఇంటి చుంచెలుక ఉంది. ఓడల్లో మనుషులతో పాటు వచ్చింది. అక్కడ మీకది బొద్దింకలు తినే మేలు చేసే జంతువు, ఇక్కడ మా బల్లులకు, మా పురుగులకు శత్రువు. ఇల్ ఓ ఎగ్రెట్ అనే చిన్న దీవిలో ఉచ్చులు పెట్టి పూర్తిగా తీసేయాలని ప్రయత్నించారు, సాధ్యపడలేదు. అందుకని, అక్కా, పాప "మంచి జంతువు" అని రాస్తే "దాని సొంత ప్రాంతంలో" అని కలిపి రాయమనండి.

తామరకొలను:
చాలా థ్యాంక్సండీ అందరికీ. ఒక సంగతి చెప్పాలి. పోయినేడాది ఎలుకలు ఎక్కువయ్యాయని ఒక పెస్ట్ కంట్రోల్ వాళ్ళను పిలిచాం. జిగురు అట్టలు పెట్టారు. పొద్దున చూస్తే ఎలుక ఒక్కటీ లేదు, తల్లి చుంచు, నాలుగు పిల్లలు అతుక్కుని ఉన్నాయి. వరసగా. తల్లి తోక మొదట్లో ఒక పిల్ల పళ్ళతో పట్టుకుంది, దాని వెనక ఇంకోటి, అలా. "ఎలుకలు పడ్డాయి" అని డబ్బులు తీసుకుని వెళ్ళారు. ఆ వరస ఎందుకో మాకప్పుడు తెలియలేదు.

జంతుశాస్త్రం_మాస్టారు:
అది తెల్ల పళ్ళ చుంచుల అలవాటమ్మా. గూడు కదిలితే పిల్లలు ఇలా గొలుసు కట్టి తల్లి వెంట నడుస్తాయి. ఒక్కదాన్ని ఎత్తితే గొలుసంతా లేస్తుంది, పట్టు వదలవు. ఎర్ర పళ్ళవాటిలో ఇది దాదాపు కనిపించదు. వర్గీకరణకు పనికొచ్చే గుర్తును మీరు కళ్ళారా చూశారు. పాప ప్రాజెక్టులో ఆ బొమ్మ వేయమనండి.

ధాన్యం_కొట్టు:
మాస్టారూ, మొన్న రాత్రి పిల్లి ఒకదాన్ని చంపి గుమ్మంలో వదిలింది. చిన్నది, నల్లది. మీరు చెప్పినట్టే తొడుగులు, మాస్కు వేసుకున్నాను. మా అబ్బాయి ఫోన్ లైటు పట్టుకున్నాడు, నేను బంగారం చూసే భూతద్దం అరువు తెచ్చాను. పళ్ళు తెల్లవే. అగ్గిపుల్లతో పై పెదవి ఎత్తి లెక్కపెట్టాం. మొదట మూడే కనిపించాయి. వాడు సంబరపడి క్రోసిడ్యూరా అనేశాడు. ఇంకోసారి పక్కకు తిప్పి చూస్తే, పెద్ద పన్ను అంచుకు ఆనుకుని, ఆవగింజలో సగం లేదు, నాలుగోది ఉంది.

జంతుశాస్త్రం_మాస్టారు:
సుంకసే. ఆ నాలుగోది ఎప్పుడూ అలాగే దాక్కుంటుందండీ.